ఎర్ర ఆకు నుంచి కలరా ఉండ దాకా: మైలేజీ మందుల పరీక్షలు

ఇంధనం కథ – 9వ భాగం

పెట్రోలులో మరొక పదార్థాన్ని కొద్ది మోతాదులో కలిపి అదే లీటరుతో బండిని ఇంకొంత దూరం నడిపించవచ్చునన్న ఆశ, మోటారు కార్లు రోడ్ల మీదికి వచ్చిన తొలి దశాబ్దాలలోనే పుట్టింది. ఇలా కలిపే పదార్థాన్ని సాంకేతిక గ్రంథాలు ఇంధన సంకలితం అంటాయి. మెకానిక్ షెడ్డులో అది మందు. గత శతాబ్దంలో ఇళ్ళలోనూ షెడ్లలోనూ చిన్న ప్రయోగశాలల్లోనూ తయారైన మందులకు లెక్క లేదు గాని, వాటిలో లోకమంతటా పెట్రోలు బంకులకు చేరి ఇంజన్ల నిర్మాణాన్నే మార్చివేసినవి వేళ్ళ మీద లెక్కించదగినన్ని మాత్రమే. మిగిలినవి ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం సగం సమాధానమే చెబుతుంది. తక్కిన సగం కొలత సాధనాల చరిత్రలో ఉంది; నిలిచిన మందుకు వెనుక మనిషి చేతికీ చెవికీ లొంగని ఒక కొలత ఉండగా, నిలవని మందుకు వెనుక ఎక్కువగా డ్రైవరు మాట తప్ప మరే సాక్ష్యమూ ఉండేది కాదు.

ఈ రెండు రకాల కథలూ ఒకే ఏడాది, ఒకే దేశంలో మొదలయ్యాయి. 1916లో అమెరికాలో కార్లు వేగంగా పెరుగుతుండగా ఐరోపా యుద్ధం వల్ల పెట్రోలు ధర పైకి పోతూ ఉంది. ఆ ఏప్రిల్‌లో న్యూయార్కుకు తూర్పున లాంగ్ ఐలాండ్‌లోని ఫార్మింగ్‌డేల్ అనే ఊళ్ళో లూయీ ఎన్‌రిక్ట్ అనే వృద్ధుడు పత్రికా విలేకరులను పిలిచి, కారు ట్యాంకు ఖాళీగా ఉందని వారికి చూపించి, బకెట్టు నీళ్ళలో ఆకుపచ్చని ద్రవాన్ని కొద్దిగా కలిపి ఆ ట్యాంకులో పోసి, కారు నడిపి చూపించాడు. గాలను ఇంధనం ఒక్క సెంటుకే తయారవుతుందని అతడు చెప్పిన మాట మర్నాటికి పత్రికలకెక్కింది. ఆ ద్రవం నుంచి చేదు బాదం వాసన వచ్చేది. అసిటోను, ఎసిటిలీన్ వాయువు కలిస్తే నీళ్ళతో కూడా ఇంజను కొంతసేపు తిరుగుతుందనీ, వాటి వాసనను కప్పిపుచ్చడానికే సైనైడు కలిపి ఉంటాడనీ రసాయన శాస్త్రజ్ఞులు తరవాత అనుమానించారు. నిజమే అయితే అది పెట్రోలు కంటే ఖరీదైన ఇంధనం, పైగా ఇంజను లోహాన్ని తినివేసేది. హెన్రీ ఫోర్డు కూడా కొంతకాలం అతని మీద ఆసక్తి చూపాడు. ఎన్‌రిక్ట్ తన సూత్రాన్ని ఎవరికీ చెప్పలేదు, తన ఎదుట తప్ప పరీక్ష జరగనివ్వలేదు. కొన్నేళ్ళ తరవాత మరొక ఇంధనం పేరుతో డబ్బు వసూలు చేసిన నేరానికి జైలుకు వెళ్ళాడు.

రెండో కథ ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరానిది. అక్కడ చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చి పేరు తెచ్చుకున్నాడు. కరెంటు లేని పల్లెల్లోని పొలాల ఇళ్ళకు దీపాలు వెలిగించే చిన్న జనరేటర్లను కూడా తయారు చేశాడు. ఆ జనరేటర్లు కిరోసిన్‌తో నడిచేవి, నడిచినప్పుడు ఇంజనులో సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చేది. దీన్నే మన మెకానిక్కులు ఈనాటికీ నాకింగ్ అంటారు. సిలిండరులో ఇంధనపు ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమం స్పార్కు ప్లగ్గు దగ్గర అంటుకుని, మంట ఒక వరుసలో ముందుకు సాగవలసి ఉండగా, ఆ మంట ఇంకా చేరని చివరి మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే ఒక్కసారిగా పేలడం వల్ల ఈ చప్పుడు పుడుతుంది. నాకింగ్ ముదిరితే పిస్టన్లు దెబ్బతింటాయి. అందుకే ఆ కాలపు ఇంజన్లలో మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కేవారు కాదు. పిస్టను కిందికి దిగినప్పుడు ఉండే ఖాళీకీ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీకీ గల నిష్పత్తి, అంటే సంపీడన నిష్పత్తి, 4కు అటూఇటూగా ఉండేది.

చప్పుడు మాట అటుంచి, ఆ 4 అనే అంకెతోనే మైలేజీ ముడిపడి ఉంది. ఇంధనం విడుదల చేసిన వేడిలో ఎంత భాగం పనిగా మారుతుందో సంపీడన నిష్పత్తి నిర్ణయిస్తుంది. ఆదర్శ ఇంజనుకు వర్తించే సూత్రం ప్రకారం నిష్పత్తి 4 ఉంటే సుమారు 43 శాతం, 8 ఉంటే సుమారు 56 శాతం పనిగా మారగలదు. నిజమైన ఇంజనులో రాపిడి, రేడియేటరు, పొగగొట్టం పట్టుకుపోయేది పోగా మిగిలేది చాలా తక్కువే అయినా, నిష్పత్తి పెరిగితే మైలేజీ పెరుగుతుందన్న సంబంధం మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి నాకింగ్‌ను ఆపే మందు దొరికితే ఇంజనును గట్టిగా నొక్కే వీలు కలుగుతుంది, గట్టిగా నొక్కిన ఇంజను అదే పెట్రోలుతో ఎక్కువ దూరం నడుస్తుంది. మందు తన సొంత శక్తితో బండిని ఒక్క అడుగు కూడా నడపదు; ఇంజను నిర్మాత చేతులకున్న కట్టు విప్పుతుంది, అంతే. మైలేజీ మందుల వ్యాపారం నేటికీ ఈ తేడాను మరుగున ఉంచే నడుస్తోంది.

నాకింగ్ సంగతి తేల్చే పనిని కెటరింగ్ 1916లో థామస్ మిడ్జ్‌లీ అనే యువకుడికి అప్పగించాడు. మిడ్జ్‌లీ చదివింది మెకానికల్ ఇంజనీరింగు, రసాయన శాస్త్రం కాదు. ఆ ఇద్దరికీ తోచిన తొలి ఊహ ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. అమెరికా అడవుల్లో ఆర్బ్యుటస్ అనే తీగ మంచు పూర్తిగా కరగకముందే పూస్తుంది, దాని ఆకుల అడుగు భాగం ఎర్రగా ఉంటుంది. ఎరుపు రంగు వేడిని బాగా పీల్చుకోవడం వల్లనే ఆ తీగ ముందుగా పూస్తోందేమోననీ, కిరోసిన్‌కు ఎరుపు రంగు వేస్తే అది కూడా వేడిని పీల్చి త్వరగా ఆవిరై సాఫీగా మండుతుందేమోననీ వారు అనుకున్నారు. ఆ డిసెంబరులో ప్రయోగం చేయబోతే నూనెలో కరిగే ఎర్ర రంగు అందుబాటులో లేకపోవడంతో, ఎర్రగా కనిపించేలా అయోడిన్‌ను కిరోసిన్‌లో కలిపి ఇంజనులో పోశారు. నాకింగ్ తగ్గింది.

చాలామంది మందుల కర్తలు ఇక్కడే ఆగి, సీసాకు లేబులు అంటించి బజారులో పెడతారు. మిడ్జ్‌లీ అలా చేయకుండా నూనెలో కరిగే అసలైన ఎర్ర రంగులను తెప్పించి ఒక్కొక్కటే పోసి చూశాడు. ఒక్కటి కూడా నాకింగ్‌ను తగ్గించలేదు. తరవాత అయోడిన్ పరమాణువు ఉండి రంగు మాత్రం లేని ఇథైల్ అయోడైడ్‌ను పోశాడు, నాకింగ్ తగ్గింది. అంటే ఎరుపుకు ఏ సంబంధమూ లేదు, పనిచేసినది అయోడిన్. ఊహ తప్పయినా ఫలితం ఒప్పు అయింది. ఆ రెండింటినీ విడదీసినది మాత్రం రెండు వైపులా చేసిన ఆ చిన్న పరీక్షే. రంగు ఉండి అయోడిన్ లేనిదాన్నీ, అయోడిన్ ఉండి రంగు లేనిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచనను ప్రయోగ శాస్త్రంలో నియంత్రణ అంటారు.

అయోడిన్ ఖరీదైనది, లోహాన్ని తింటుంది. అందువల్ల అన్వేషణ మరో ఐదేళ్ళు సాగింది. 1919లో రంగుల పరిశ్రమలో వాడే అనిలిన్ పనిచేస్తుందని తేలింది గాని దాని పొగ వాసన భరించరానిది. సెలీనియం, టెల్లూరియం అనే మూలకాల సమ్మేళనాలు ఇంకా బాగా పనిచేశాయి గాని, వాటి వెల్లుల్లి వంటి కంపు వాటిని ముట్టుకున్నవారి ఒంటినీ బట్టలనూ పట్టుకుని స్నానం చేసినా వదిలేది కాదు. ఈ దశలో మిడ్జ్‌లీ, అతని సహచరుడు బాయిడ్ చేతికందినదల్లా పోసి చూసే పద్ధతిని మాని, మూలకాల ఆవర్తన పట్టికను ముందు పెట్టుకుని, ఏ వరుసలో కిందికి పోతే గుణం పెరుగుతోందో చూసుకుంటూ ఆ దిశగానే నడిచారు. పట్టికలో బరువైన మూలకాల వైపు సాగిన ఆ నడక సీసం దగ్గరికి చేరింది. 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అనే ద్రవాన్ని ఇంజనులో పరీక్షించినప్పుడు, అనిలిన్ కంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులోనే నాకింగ్ మాయమైంది. 1923 ఫిబ్రవరి 2న డేటన్‌లోని ఒక బంకులో ఇథైల్ అనే పేరుతో ఆ పెట్రోలు తొలిసారి అమ్మకానికి వచ్చింది; ఆ పేరులో సీసం మాట ఎక్కడా కనిపించదు.

ఇంత సూక్ష్మమైన తేడాలను ఆ రోజుల్లో ఎలా పట్టుకోగలిగారన్నది ఈ కథలో అసలు భాగం. మొదట్లో నాకింగ్‌ను చెవితోనే అంచనా వేసేవారు; ఇద్దరు వింటే రెండు మాటలు చెప్పేవారు, అలసిన సాయంత్రం ఒకటి, పొద్దున మరొకటి వినిపించేది. దీనికి విరుగుడుగా మిడ్జ్‌లీ, బాయిడ్ కలిసి ఎగిరే పుల్ల అనదగిన ఒక సాధనాన్ని తయారు చేశారు. సిలిండరుకు బిగించిన పలుచని ఉక్కు పొర మీద ఒక సన్నని ఉక్కు పుల్లను నిలబెడతారు. ఇంజను సాఫీగా నడిచినంతసేపు ఆ పుల్ల కదలకుండా ఉంటుంది. నాకింగ్ వచ్చినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పొరను తన్నడంతో పుల్ల పైకెగిరి, పైనున్న రెండు విద్యుత్ మొనలను కలుపుతుంది. కలిసినంతసేపు కరెంటు పారి, గంధకామ్లం కలిపిన నీటిని వాయువుగా విడగొడుతుంది. ఆ వాయువును గీతలున్న గాజు గొట్టంలో పట్టి, ఒక నియమిత కాలంలో ఎంత వాయువు చేరిందో చూస్తే చాలు. నాకింగ్ ఎంతన్నది ఆ గొట్టం మీదనే చదువుకోవచ్చు. చెవి, అభిప్రాయం, ఆశ అనే మూడూ ఆ గొట్టం దగ్గర తప్పుకున్నాయి.

ఈ సాధనం నుంచే తరవాతి దశాబ్దపు కొలతలు పుట్టుకొచ్చాయి. 1926లో గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు శుద్ధ ద్రవాలను కొలబద్దకు రెండు కొసలుగా ప్రతిపాదించాడు: దాదాపుగా నాకింగ్ చేయని ఐసో ఆక్టేన్‌కు 100, విపరీతంగా చేసే హెప్టేన్‌కు 0. ఆ రోజుల్లో శుద్ధమైన హెప్టేన్ చమురు నుంచి కాక ఒక జాతి పైన్ చెట్టు బంక నుంచి దొరికేది. ఏ పెట్రోలునైనా ఈ రెండింటి మిశ్రమాలతో ఒకే ప్రామాణిక ఇంజనులో పోల్చి, ఏ మిశ్రమంతో సరితూగితే అందులోని ఐసో ఆక్టేన్ శాతమే ఆ పెట్రోలు ఆక్టేన్ సంఖ్య అని చెప్పడం మొదలైంది. ఇవాళ మన బంకుల్లో కనిపించే 91, 95 అనే అంకెలకు మూలం అదే. ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తిని చెప్పదనీ, అది నాకింగ్‌ను తట్టుకునే ఓర్పును మాత్రమే చెబుతుందనీ ఈ చరిత్ర తెలిసినవారికి వేరే వివరించనక్కరలేదు. 91 కోసం రూపొందిన ఇంజనులో ఖరీదైన 95 పోసినంత మాత్రాన మైలేజీ పెరగకపోవడానికి కారణం కూడా ఇదే.

అయితే డేటన్ బృందం ఒకదాన్ని అంత శ్రద్ధగా కొలిచి మరొకదాన్ని కొలవకుండా వదిలేసింది. సీసం విషమన్న సంగతి రోమనుల కాలం నుంచి లోకానికి తెలుసు. మిడ్జ్‌లీ స్వయంగా 1923 మొదట్లో సీసపు విషప్రభావం నుంచి కోలుకోవడానికి ఫ్లోరిడాలో కొన్ని వారాలు గడిపాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఈ ద్రవాన్ని తయారు చేస్తున్న కార్మికులు మతి భ్రమించి, లేనివి కనిపించి, కొద్ది రోజుల్లోనే ఐదుగురు మరణించారు. ఆ నెల 30న విలేకరుల ముందు మిడ్జ్‌లీ ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, ఒక నిమిషం పాటు దాని ఆవిరి పీల్చి, ప్రమాదమేమీ లేదన్నాడు. ఎరుపు రంగును నమ్మకుండా రెండు వైపులా పరీక్షించిన మనిషే, ఒక్క నిమిషపు ప్రదర్శనను రుజువుగా చూపించడం విచిత్రం. ఎన్‌రిక్ట్ బకెట్టుకూ దీనికీ పద్ధతిలో పెద్ద తేడా లేదు. 1925లో అమ్మకం నిలిచి, విచారణ జరిగి, మరుసటి ఏడాది మళ్ళీ మొదలైంది. సీసం గాలిలోనూ రక్తంలోనూ ఎంత పేరుకుందో మట్టి అంటని ప్రయోగశాలలో నికరంగా కొలిచిన క్లెయిర్ పాటర్సన్ తన ఫలితాలను ప్రచురించే సరికి 1965 వచ్చింది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. లోకంలో చివరిగా సీసపు పెట్రోలును మానిన దేశం అల్జీరియా, 2021లో.

పరిశ్రమ చేతిలో ఆక్టేన్ కొలత ఉన్నా, మామూలు కారు యజమాని చేతిలో స్పీడోమీటరు తప్ప మరొకటి లేదు. అందుకే ఇంటి మందుల బజారు ఆ పక్కనే నిరాటంకంగా సాగింది. ఈ బజారులో సంతృప్తి చెందిన వాడుకదారుల ఉత్తరాలకూ ప్రయోగశాల ఫలితాలకూ మధ్య జరిగిన అతి పెద్ద తగాదా నిజానికి ఇంధనపు మందు గురించి కాదు, బ్యాటరీలో కలిపే ఏడీ–ఎక్స్2 అనే పొడి గురించి. దానిలో ఉన్నవి ముఖ్యంగా సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లు. పొడి వల్ల బ్యాటరీకి ఏ మేలూ లేదని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ చెప్పగా, కొన్నవారు మేలు కలిగిందని రాసిన ఉత్తరాలను చూపుతూ తయారీదారు రాజకీయ నాయకులను ఆశ్రయించాడు. 1953లో వాణిజ్య మంత్రి ఆ సంస్థ అధిపతి అలెన్ ఆస్టిన్‌ను పదవి నుంచి తప్పించాడు. శాస్త్రజ్ఞుల నిరసన పెల్లుబకడంతో మళ్ళీ నిలబెట్టవలసి వచ్చింది. ఆ ఏడాది చివరకు జాతీయ విజ్ఞాన అకాడమీ సంఘం కూడా ప్రమాణాల సంస్థ చెప్పినదే సరి అన్నది.

1973లో అరబ్బు దేశాల చమురు నిషేధంతో బంకుల ముందు బారులు తీరిన తరవాత మైలేజీ మందులకు, కార్బురేటరు దగ్గర బిగించే అయస్కాంతాలకు, గాలిని తిప్పే రెక్కలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1975 నాటి అమెరికా ఇంధన చట్టం అటువంటి వస్తువులను పరీక్షించి ఫలితాలను బయటపెట్టే బాధ్యతను పర్యావరణ పరిరక్షణ సంస్థకు అప్పగించింది. మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ ప్రయోగశాలలో కారును రోడ్డెక్కించకుండా దాని చక్రాలను ఉక్కు రోలర్ల మీద నిలిపి, 1,372 సెకన్ల పాటు సాగే ఒకే వేగ పట్టికను, అంటే ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎక్కడ ఆగాలి అన్న క్రమాన్ని, అక్షరాలా పాటిస్తూ నడుపుతారు. ఖర్చయిన ఇంధనాన్ని ట్యాంకులో కొలవరు. పొగగొట్టం నుంచి వచ్చినదంతా పట్టి, అందులోని బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడు, మండని ఇంధనం ఎంతెంతో కొలిచి, అంత కర్బనం రావాలంటే ఎంత పెట్రోలు మండి ఉండాలో లెక్క కడతారు. ట్యాంకులోకి వెళ్ళిన కర్బనం పొగగొట్టంలోంచి రాక ఎక్కడికి పోతుంది? ఇలా పరీక్షించిన నూటికి పైగా వస్తువుల్లో మైలేజీని చెప్పుకోదగినంత పెంచినది ఒక్కటీ లేదు. స్వల్పంగా మేలు చూపినవి కొన్ని, ఆ స్వల్పానికి మారుగా విషవాయువులను పెంచినవి కొన్ని.

తెలుగు నేల మీద ఈ కోవకు చెందిన పాత మందు కలరా ఉండ. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండలను స్కూటరు ట్యాంకులోనో కారు ట్యాంకులోనో వేస్తే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం మన వైపు చిరకాలంగా ఉంది. అమెరికాలో కూడా పాతకాలపు పెట్రోలు బిళ్ళల్లో ఎక్కువగా ఉండినది నాఫ్తలీనే. దీన్ని తేల్చడానికి రోడ్డు పరీక్ష కంటే ముందు కాగితం మీది లెక్క చాలు. పది లీటర్ల పెట్రోలులో ఉండే శక్తి సుమారు 320 మెగాజౌళ్ళు. ఐదేసి గ్రాముల ఉండలు పది వేస్తే, కిలోకు సుమారు 39 మెగాజౌళ్ళ చొప్పున అదనంగా చేరేది 2 మెగాజౌళ్ళు. అంటే నూటికి 0.6 వంతు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ పది లీటర్లతో 150 కిలోమీటర్లు పోతే, ఉండల వల్ల పెరిగే దూరం ఒక కిలోమీటరు కూడా ఉండదు. ఉండ పూర్తిగా కరగకుండా మడ్డిలా మిగిలినా, కార్బురేటరు జెట్టులో పేరుకుపోయినా పడే ఖర్చు దానికి వేరు. అసిటోను సంగతి మరీ స్పష్టం: దానిలో లీటరుకు ఉన్న శక్తి పెట్రోలులో ఉన్నదానికి సుమారు 70 శాతమే.

ఈ మందుల తరఫున తరచుగా వినిపించే వాదం మరొకటి ఉంది. మందు శక్తినివ్వకపోయినా మండకుండా వృథా అయ్యే పెట్రోలును పూర్తిగా మండేటట్టు చేస్తుందని ఆ వాదం. కాని మంచి స్థితిలో ఉన్న నేటి ఇంజనులో ఇంధనం ఇప్పటికే 98 శాతం వరకు మండుతోంది. పోయే శక్తి మండకపోవడం వల్ల కాక, రేడియేటరు ద్వారానూ పొగగొట్టం ద్వారానూ వేడిగా పోతోంది. పైగా ఇంజెక్షను ఇంజన్లలో పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారు మిగిలిన ప్రాణవాయువును కనిపెడుతూ, గాలికీ పెట్రోలుకూ గల నిష్పత్తిని కంప్యూటరు ద్వారా సరిచేస్తూనే ఉంటుంది. ప్రాణవాయువు ఉన్న మందును ట్యాంకులో పోస్తే, ఆ కంప్యూటరు పెట్రోలును కాస్త ఎక్కువగా చిమ్మి, తన పాత లెక్కకే తిరిగి వస్తుంది.

మరి ఇంటి పరీక్షలో మైలేజీ పెరిగినట్టు తోచినవారందరూ అబద్ధమాడుతున్నారా అంటే, కాదు. ఇంటి పరీక్షలో సాధారణంగా వాడేది ఫుల్ ట్యాంకు పద్ధతి: ట్యాంకు నింపి, బండి నడిపి, మళ్ళీ నింపి, నడిచిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగించడం. పంపు గొట్టం తనంతట తానే ఆగే చోటు బండి నిలబడిన వాలును బట్టి, గొట్టం దూరిన లోతును బట్టి మారుతుంది. పది లీటర్ల పరీక్షలో ఆ తేడా మూడు వందల మిల్లీలీటర్లయినా చాలు, లెక్కలో 3 శాతం తారుమారవుతుంది. పెట్రోలు ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు 1 శాతం వ్యాకోచిస్తుంది. టైర్లలో గాలి, ఎదురుగాలి, తడి రోడ్డు, ఏసీ, ఊళ్ళో సిగ్నళ్ళు వీటికి అదనం. అన్నిటికంటే పెద్దది డ్రైవరు కాలు: మందు పోశానని తెలిసినవాడు ఆ వారమంతా యాక్సిలరేటరును మెత్తగా తొక్కుతాడు, బ్రేకు తక్కువ వేస్తాడు, గేరు సకాలంలో మారుస్తాడు, తరచు మందు పోసే ముందు ప్లగ్గు కూడా మార్పించి ఉంటాడు. పెరిగిన మైలేజీ నిజమే, ఘనత మాత్రం సీసాకు పోతుంది.

వాహన ఇంజనీర్లు రోడ్డు పరీక్షకు ఏర్పరచుకున్న పద్ధతి ఈ చిక్కులన్నిటినీ ఒక్కొక్కటిగా విప్పుతుంది. ఒకే రకం బండ్లు రెండు కలిసి అదే దారిలో అదే సమయంలో నడుస్తాయి. ఒకదానిలో మందు కలుపుతారు, రెండోదానిలో ఎప్పుడూ కలపరు, దానికి నియంత్రణ వాహనమని పేరు. గాలీ ఎండా వానా రెంటి మీదా ఒకేలా పడతాయి కాబట్టి, రెంటి ఖర్చుల నిష్పత్తి మాత్రమే లెక్కకు వస్తుంది. ఇంధనాన్ని విడి ట్యాంకులో పెట్టి, లీటర్లలో కాక బరువులో తూస్తారు. ముందు మందు లేకుండా పలుమార్లు నడిపి ఆ నిష్పత్తి నిలకడగా ఉందని తేలాకే మందు పోస్తారు. ఇంట్లో పరీక్షించదలచినవారికి రెండో కారు లేకపోవచ్చు గాని, మందు కలిపిన డబ్బా ఏదో కలపని డబ్బా ఏదో డ్రైవరుకు తెలియకుండా మూడో మనిషి అంకెలు వేసి ఇవ్వడానికి డబ్బు ఖర్చు కాదు. ఇంటి పరీక్షల్లో కనిపించనిది ఎక్కువగా ఈ ఒక్క జాగ్రత్తే.

జాగ్రత్త లోపిస్తే ఇంటి పరీక్షే కాదు, ప్రభుత్వ పరీక్ష కూడా దారి తప్పుతుందని 1996లో దక్షిణాదిలో రుజువైంది. తమిళనాడులోని రాజపాళయం ప్రాంతానికి చెందిన రామర్ పిళ్ళై, ఆకులూ మూలికలూ నీటిలో వేసి ఉడికించి, కొన్ని పొడులు కలిపి, కలియబెట్టి, పైన తేలిన ద్రవాన్ని మూలికా పెట్రోలు అని చూపించాడు. ఆ ద్రవం మండింది, దానితో బండ్లు నడిచాయి, చూసినవారిలో పేరున్న శాస్త్రజ్ఞులు సైతం మొదట ఆశ్చర్యపోయారు, పత్రికలు దేశానికి చమురు కష్టాలు తీరినట్టే రాశాయి. వచ్చిన ద్రవం మంచి ఇంధనమా కాదా అన్న ప్రశ్నకు ప్రయోగశాలలు సమాధానం వెతికాయి గాని, అది గిన్నెలోకి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. కట్టుదిట్టంగా జరిపిన పరీక్షల్లో అతడు దాన్ని తయారు చేయలేకపోయాడు. కలియబెట్టే కడ్డీలో చమురు దాగి ఉండి గిన్నెలోకి దిగిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇంత తతంగానికి బదులు, పెట్టిన సరుకులన్నిటినీ కలియబెట్టే కడ్డీతో సహా ముందూ వెనుకా తూచి ఉంటే మొదటి పూటే విషయం బయటపడేది. ఆ తరవాత కూడా చెన్నైలో అదే పేరుతో అమ్మకాలు సాగగా, 2000లో కేంద్ర దర్యాప్తు సంస్థ కేసు పెట్టింది. అమ్మినది టోలీన్, నాఫ్తా వంటి పెట్రోలియం ద్రావకాల కలయిక అని ఆ దర్యాప్తు చెప్పింది. 2016 అక్టోబరులో చెన్నై మేజిస్ట్రేటు న్యాయస్థానం పిళ్ళైకీ మరికొందరికీ మూడేళ్ళ జైలు శిక్ష విధించింది.

ఇప్పుడు దేశంలోని బంకుల్లో ఒక సంకలితాన్ని, ఇథనాల్ అనే సారాయిని, ప్రభుత్వ విధానం ప్రకారమే కలిపి అమ్ముతున్నారు. ఇథనాల్‌లో లీటరుకు ఉన్న శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులు. 20 శాతం ఇథనాల్ కలిపితే లీటరు మిశ్రమంలో శక్తి లెక్క ప్రకారమే సుమారు 6.7 శాతం తగ్గాలి. 2021 జూన్ నాటి నీతి ఆయోగ్ నివేదిక కూడా, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది 10 శాతానికి సర్దుబాటైన కార్లు 20 శాతం మిశ్రమంతో 6 నుంచి 7 శాతం మైలేజీ కోల్పోతాయనీ, 10 శాతం కోసమే రూపొంది 20కి సర్దుబాటైనవి 1 నుంచి 2 శాతం మాత్రమే కోల్పోతాయనీ అంచనా వేసింది. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే డేటన్ పాఠం ఉంది: ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య పెట్రోలు కంటే బాగా ఎక్కువ కాబట్టి, దానికి తగినట్టు సంపీడన నిష్పత్తి పెంచి కట్టిన ఇంజను పోయినదాన్ని కొంత తిరిగి రాబట్టుకుంటుంది, పాత ఇంజను రాబట్టుకోలేదు. చెరకు మడ్డి నుంచి తీసిన సారాయిని పెట్రోలులో కలపాలన్న ఆలోచన మన దేశానికి కొత్తదేమీ కాదు. దాని కోసం 1948లోనే ఒక చట్టం చేశారు. ఆ చట్టం వెనుక నడిచిన చక్కెర కర్మాగారాల చరిత్ర వచ్చే భాగంలో.